శిఖరము లేని దేవాలయము

ధ్యాన భాగములు: ఆదికాండము 23వ అధ్యాయము, మత్తయి 27:57–60, హెబ్రీ 11:13–16



అబ్రాహాము కలిగినవాడు. మందలు, గుడారములు, వెండి బంగారములు, దాసదాసీ జనము అతనికి విస్తారముగా నుండెను. అయినను దేవుడు వాగ్దానము చేసిన దేశములో అతనికి స్వంతమని చెప్పుకొనుటకు ఒక్క సెంటు భూమి లేదు. 62 సంవత్సరములు ఇతరుల పొలముల అంచున గుడారము వేసికొని, ఇతరుల అనుమతితో మందలు మేపుకొనుచు బ్రదికెను. అప్పుడు శారా మరణించెను. ఆమె వయస్సు 127 సంవత్సరములు. ఆ ముసలివాడు కన్నీరు తుడుచుకొని, శవము నెదుటనుండి లేచి, హేతువారి పెద్దల యొద్దకు పోయి, తన యింటి మృతురాలిని పాతిపెట్టుటకు కొంచెము చోటు అడిగెను.

వారు మర్యాద తెలిసినవారు. మంచి సమాధి ఏదైనను ఎంచుకొమ్మనిరి. ఎఫ్రోను అయితే పొలమే ఊరక యిచ్చెదననెను. అబ్రాహాము వంగి నమస్కరించెను గాని ఊరక పుచ్చుకొనలేదు. ఊరి గవిని యొద్ద పదిమంది చూచుచుండగా 400 తులముల వెండి తూచి యిచ్చి, మక్పేలా గుహను, ఆ పొలమును, అందలి చెట్లను క్రయముగా పొందెను. వాగ్దాన దేశములో విశ్వాసుల తండ్రికి మొదట దక్కిన ఆస్తి ఒక సమాధి. తరువాత అబ్రాహాము అక్కడనే పాతిపెట్టబడెను. ఇస్సాకును రిబ్కాయు లేయాయు అక్కడనే. ఐగుప్తులో మరణించిన యాకోబు సహితము తన్ను ఆ గుహకే మోసికొని పొమ్మని కుమారుడైన యోసేపుచేత ప్రమాణము చేయించెను.

మనుష్యులు పరదేశమునకు పనికొరకు పోవచ్చును, పంటకొరకు పోవచ్చును. అక్కడ సంపాదించి తిరిగి రావచ్చును. కాని తమవారిని అక్కడి మట్టిలో ఉంచిన దినమున ఆ నేలతో వారికి వేరొక సంబంధము ఏర్పడును. ఈ మాట ఎంత సత్యమో తెలిసికొనుటకు, ఈ నెల మనము ఒక దూరదేశపు పల్లె సంఘముయొక్క చరిత్రను ధ్యానించెదము. ఆ సంఘము మనకు పరాయిది కాదు. ఏల కాదో చివరకు మీకే తెలియును.

1. ఊరు విడిచిన చదువరులు

ఐరోపా ఖండమునకు ఉత్తరమున స్వీడను దేశమున్నది. చలి యెక్కువ, సాగునేల తక్కువ. 1800ల తరువాత ఆ దేశపు పల్లెలలో జనము పెరిగెను, భూమి పెరుగలేదు. తండ్రి పొలము కుమారులకు పంచగా పంచగా చేరెడు చెక్కలు మిగిలెను. చెక్క కూడ లేనివారు పెద్ద రైతుల కొట్టములలో పాలేరులుగా నుండిరి. 1860ల చివర పంటలు చెడి ఘోరమైన కరవు కూడ వచ్చెను. 1840ల నుండి 1930 వరకు ఆ చిన్న దేశమునుండి పది లక్షలకు మించిన జనులు అమెరికాకు వలస పోయిరి.

ఆకలి ఒక్కటే కారణము కాదు. ఆ కాలమున స్వీడనులో రాజ్యసంఘముండెను. కాపరి లేకుండ విశ్వాసులు ఇండ్లలో కూడి వాక్యధ్యానము చేయుట 1726 నాటి శాసనము ప్రకారము నేరము. అయినను పల్లెలలో రైతులు, వడ్రంగులు, దాసీలు రాత్రివేళ ఒక దీపము చుట్టు కూర్చుండి వేదమును భక్తిగ్రంథములను చదువుకొనుచుండిరి. లోకులు వారిని పరిహాసముగా "చదువరులు" అని పిలిచిరి. కొందరు జరిమానాలు చెల్లించిరి. ఆ శాసనము 1858లో గాని రద్దు కాలేదు.

లార్స్ పాల్ ఎస్‌బ్యోర్న్ అను కాపరి ఈ చదువరుల పక్షమున నుండినవాడు. ఆయన 1808లో పుట్టెను. తనకు తెలిసిన జనులు గుంపులు గుంపులుగా ఓడ ఎక్కుచుండగా, ఆ మందకు అక్కడ కాపరి ఎవడు అను ప్రశ్న ఆయనను నిద్రపోనియ్యలేదు. 1849 వేసవిలో భార్యతోను పిల్లలతోను, 140 మందికి పైగా జనముతోను యేవ్లె రేవునుండి బయలుదేరెను. స్వదేశమున ఆయనకు స్థిరమైన పదవి, జీతము, గౌరవము ఉండెను. పోవుచున్న చోట ఒక గుడిసె కూడ లేదు.

అది తెరచాప ఓడల కాలము. సముద్రము దాటుటకే వారములు గడచును. న్యూయార్కునుండి కాలువ పడవల మీదను పెద్ద సరస్సుల మీదను ప్రయాణించి చికాగో చేరవలెను. అక్కడనుండి మరల కాలువ, పిమ్మట బండి, లేదా కాలినడక. ఇల్లినాయి రాష్ట్రములో హెన్రీ జిల్లాయందు ఆండోవరు అను పల్లెకు వారు చేరిరి. అది 1835లో తూర్పు రాష్ట్రములనుండి వచ్చిన ప్రెస్బిటేరియనులు ఏర్పరచిన చిన్న పాళెము. చుట్టును చెట్టులేని గడ్డి మైదానము, నల్లరేగడి నేల. నాగలి దింపితే బంగారము పండునట్టి నేలయే గాని, మొదటి సంవత్సరములలో వారికి దొరకినవి కొయ్య గుడిసెలు, చలిజ్వరము, పేదరికము.

2. పదిమంది సంఘము

1850 మార్చి 18వ తేదీన ఆండోవరులో స్వీడను లూథరను సంఘము స్థాపింపబడెను. సభ్యులు పదిమంది. ప్రియులారా, ఈ లెక్కను మనము ఒకసారి నిలిచి చూడవలెను. ఓడలో 140 మందికి పైగా వచ్చిరి. సంఘములో పదిమంది నిలిచిరి. కొందరు దారిలోనే మరణించిరి. కొందరు మంచి నేలలు వెదకుచు వేరు ఊళ్లకు పోయిరి. కొందరు వేరు సంఘములలో చేరిరి. ఎస్‌బ్యోర్న్ అయ్యగారు పదిమందితోనే ఆరంభించెను. మన పల్లెలలో ఆదివారము పది చాపలు కూడ నిండకపోతే బోధకుని గుండె జారిపోవును. అట్టి బోధకుడు ఆండోవరును జ్ఞాపకము చేసికొనును గాక.

వారికి దేవాలయము కావలెను. చేతిలో డబ్బు లేదు. 1851లో అయ్యగారు తూర్పు పట్టణములకు చందాలకొరకు బయలుదేరెను. ఆ దినములలో జెన్నీ లిండ్ అను స్వీడను గాయకురాలు అమెరికా అంతట పాటకచ్చేరీలు చేయుచుండెను. ఆమె 1820లో స్టాక్‌హోములో పుట్టినది. ఆమె స్వరము విని జనులు వెఱ్ఱివారైరి. ఆమె అమెరికాలో సంపాదించిన దానిలో బహుభాగమును స్వదేశపు పాఠశాలలకును ఇతర ధర్మకార్యములకును ఇచ్చివేసెను. అయ్యగారు ఆమెకు తన సంఘపు స్థితి తెలియజేయగా ఆమె 1,500 డాలర్లు కానుక ఇచ్చెను. ఆ కాలములో అది గొప్ప సొమ్ము. అందువలన ఆ ఆలయమునకు జెన్నీ లిండ్ ఆలయమను పేరు నేటివరకు నిలిచియున్నది.

ఇటుకలు కాల్చిరి. పునాదులు తీసిరి. నేలకు దిగువన ఒక గదియు, దానిపైన ఆరాధన స్థలమును కట్ట మొదలుపెట్టిరి. స్వదేశములో వారు విడిచివచ్చిన ఆలయములకు శిఖరములుండెను. పొలములో పని చేయువాడు తల యెత్తితే శిఖరము కనబడును. గంట మ్రోగితే ఎంత దూరమునకైనను వినబడును. ఈ మైదానములో దారి తప్పినవానికి గురుతుగా నుండుటకు ఒక శిఖరము కావలెనని వారు కోరిరి. దానికొరకు కలప సమకూర్చి వేరుగా ఉంచిరి.

3. కలప దేనికి?

అప్పుడు కలరా వచ్చెను.

ఈ జాడ్యము మనకు కొత్తది కాదు. 1817లో బంగాళా దేశపు గంగాతీరమునుండి బయలుదేరి, వర్తకుల ఓడలతోను సైన్యములతోను లోకమంతట తిరిగెను. మన తెలుగు జిల్లాలలోను ఇది ఎన్నో పల్లెలను పాడుచేసెను. 1849 మొదలుకొని 1854 వరకు అమెరికా మధ్య రాష్ట్రములలో మరల మరల రేగెను. ఓడలలోను కాలువ పడవలలోను కిక్కిరిసి వచ్చిన వలసజనులు ముందుగా దానికి చిక్కిరి. ఉదయము బాగుగా నున్న మనుష్యుడు సాయంకాలమునకు శవమగుచుండెను. అది త్రాగునీటివలన ప్రాకునని ఆ కాలమున జనులకు తెలియదు. 1854లో లండను పట్టణమున జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి బోరింగు నీటికిని మరణములకును గల సంబంధమును చూపెను. 1884లో గాని రాబర్ట్ కాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మన కలకత్తాలోనే ఆ క్రిమిని నిశ్చయపరచలేదు.

ఆండోవరుకు వచ్చువారు వచ్చుచునే యుండిరి. ఇల్లు లేదు, ఎరిగినవారు లేరు, ఒంట్లో జాడ్యము. వారిని ఎక్కడ ఉంచవలెను? ఇంకను పూర్తికాని ఆ దేవాలయపు దిగువ గదిలో ఉంచిరి. ఆరాధనకొరకు తీసిన పునాదులమీద మొదట పరుండినవారు రోగులు. ఎస్‌బ్యోర్న్ అయ్యగారు కూడ దుఃఖమును తప్పించుకొనలేదు. 1852లో ఆయన భార్య అమాలియా ఆండోవరులోనే కన్ను మూసెను.

మరణించినవారికి పెట్టెలు కావలసెను. మైదానములో చెట్లు తక్కువ. కోసిన పలకలు మరి తక్కువ. సిద్ధముగా నున్న కలప ఒక్కటే. అది శిఖరముకొరకు ఉంచినది.

సహోదరులారా, ఆ కలపను వారు శవపేటికలు చేసిరి.

1854 డిసెంబరు 3వ తేదీన ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. చిన్నదే, సాదా ఇటుక కట్టడము. దానికి శిఖరము లేదు. తరువాతను కట్టలేదు. నేటికిని ఆ కప్పుమీద శిఖరము లేదు. దాని ప్రక్కనున్న సమాధుల తోటలో, గుర్తు రాయియైనను లేని అనేకులతో కూడ, దాని కలప మట్టిలో కలిసిపోయినది.

4. అరిమతయియ యోసేపు చేసిన పని

ఇది దేవుని ఇంటికి అవమానమా? కొందరు అట్లు తలంపవచ్చును. ప్రతిష్ఠించిన సొత్తును వేరు పనికి వాడుట తప్పు గదా, కానుకలిచ్చినవారు శిఖరము కొరకు ఇచ్చిరి గదా అని పెద్దలలో ఒకడు అడుగవచ్చును. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దేవుని పేరట కూర్చిన డబ్బు ఎవరి యిష్టము వచ్చినట్లు వారు వాడుకొనుట మన సంఘములలో ఎంత నష్టము తెచ్చినదో మనకు తెలియును.

అయితే మత్తయి 27వ అధ్యాయము తెరచి చూడుడి. అరిమతయియ యోసేపు ధనవంతుడు. అతడు తనకొరకు రాతిలో ఒక క్రొత్త సమాధి తొలిపించుకొనెను. అది అతని గౌరవమునకు తగినది, అతని పేరు నిలుపునది. ఆ శుక్రవారము సాయంకాలము ప్రభువు దేహము సిలువమీద నుండెను. శిష్యులు పారిపోయిరి. విశ్రాంతిదినము దగ్గరపడుచుండెను. యోసేపు తనకొరకు దాచుకొనిన దానిని నేరస్థునిగా చంపబడిన వానికొరకు ఇచ్చివేసెను. క్రొత్త బట్ట ఇచ్చెను, క్రొత్త సమాధి ఇచ్చెను. మరల తన సంగతి ఏమగునో అతడు లెక్క చూచినట్లు సువార్తలో లేదు.

మన ప్రభువు జన్మించినప్పుడు ఇతరుల పశువుల తొట్టిలో పరుండెను. మరణించినప్పుడు ఇతరుని సమాధిలో ఉంచబడెను. గనుక దిక్కులేని మృతునికి మనము చేయునది ఎవరికి చేసినట్టో మత్తయి 25వ అధ్యాయము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆండోవరువారు దేవుని కలపను దేవునికి ఇయ్యకుండ తప్పించుకొనలేదు. దేవుడు ఆ యేట ఆ కలపను ఎక్కడ అడిగెనో అక్కడ ఇచ్చిరి. ఎత్తైన శిఖరముమీద ఉంచవలసినదానిని ఆరడుగుల గోతిలో ఉంచిరి. గోతిలో దిగిన ఆ పలకలు లోకదృష్టికి కనబడలేదు, తండ్రికి కనబడెను.

దేవుడు శిఖరములకు విరోధియా? కాదు. అదే సంఘము పెరిగి పెద్దదై, 1870 నాటికి ఆ ఊరిలోనే ఎత్తైన శిఖరముగల గొప్ప దేవాలయమును కట్టెను. అప్పటి కాపరి యోనాస్ స్వెన్సన్. 1858 నుండి 1873లో తన మరణమువరకు ఆ సంఘమును కాచెను. కాబట్టి వారు శిఖరమును త్రోసివేయలేదు, ఆపుకొనిరి. వానికి కాలమున్నది. జనులు చచ్చుచున్నప్పుడు అది కాలము కాదు.

5. పుస్తకములో పేర్లు

ఇంకొక సంగతి వినుడి. స్వీడను కాపరులకు 1686 నాటి సంఘ శాసనము మొదలుకొని ఒక నియమముండెను. ప్రతి ఇంటివారి పేర్లు, పుట్టిన దినము, బాప్తిస్మము, వేదపాఠము ఎంతవరకు వచ్చునది, వివాహము, మరణము, ఊరు విడిచి పోయినయెడల ఎక్కడికి పోయినది, అంతయు పుస్తకములో వ్రాయవలెను. వలసజనుల సంఘములు ఆ అలవాటును సముద్రము దాటించి తెచ్చుకొనెను. 1981లో రాక్ ఐలండు పట్టణమున ఆగస్టానా కళాశాలలో స్థాపింపబడిన పరిశోధన కేంద్రమందు ఆ సంఘపుస్తకముల ప్రతులు భద్రపరచబడినవి. వాటిని చూచి మునిమనుమలు తమ పెద్దల పేర్లు కనుగొనుచున్నారు. సమాధిమీది కొయ్య సిలువ నాలుగు వానలకు పుచ్చిపోవును. రాయి పగులును. పుస్తకములో ఒక కాపరి ఓపికగా వ్రాసిన ఒక వరుస నూరు ఏండ్లు దాటి నిలిచినది.

మన పల్లె సంఘములలో సంగతి ఎట్లున్నది? మనకు వ్రాయ తీరిక లేదు. పోయిన యేడు మరణించిన విధవరాలి పేరు బాప్తిస్మపు పుస్తకములో ఒక విధముగా, ఓటరు జాబితాలో మరియొక విధముగా, సమాధుల తోటలో ఏ విధముగాను లేదు. ఆమె నలుబది యేండ్లు ఆలయమును ఊడ్చినది. ఆమె పిడికెడు బియ్యపు కానుక నెలనెల తెచ్చినది. ఆమె పేరు ఎవరు వ్రాసిరి? పరలోకమందలి జీవగ్రంథములో వ్రాయబడినదని మనము నమ్ముచున్నాము. అక్కడ వ్రాయువాడు తప్పు వ్రాయడు, మరువడు. అయితే ఆయన మరువని పేరును మనము ఇంత త్వరగా మరచుట న్యాయమా?

6. ఆ సంఘమునకును మనకును

1860 జూను నెలలో స్వీడను, నార్వే వలస సంఘములు కూడి ఆగస్టానా సినడు అను మహాసంఘమును స్థాపించెను. ఆండోవరు దానికి తల్లి సంఘములలో ఒకటి. కాపరులను సిద్ధపరచుటకు అదే యేట చికాగోలో స్థాపించిన కళాశాలకు ఎస్‌బ్యోర్న్ అయ్యగారు మొదటి అధ్యక్షుడయ్యెను. 1863లో ఆయన స్వదేశమునకు మరలిపోయి 1870లో అక్కడనే నిద్రించెను. భార్య అమెరికా మట్టిలో, తాను స్వీడను మట్టిలో. వారిద్దరికిని పునరుత్థానము ఒక్కటే.

ఇప్పుడు మనకు దగ్గర సంగతి. మన తెలుగు దేశమున హేయర్ అయ్యగారు 1842లో గుంటూరులో లూథరను సేవ మొదలుపెట్టిన సంగతి మీరెరుగుదురు. తరువాత రాజమండ్రి సేవను జనరల్ కౌన్సిల్ అను సభ వహించెను. 1870లో ఆగస్టానా సినడు ఆ సభలో చేరెను. అప్పటినుండి ఆ మైదానపు రైతులు, మొక్కజొన్న పండించి పందులు మేపుకొనువారు, తాము ఎన్నడు చూడని గోదావరి తీరమునకు కానుకలు పంపిరి. 1870ల చివర అగస్టు కార్ల్‌సన్ అను యౌవనస్థుని తమలోనుండి రాజమండ్రికి పంపిరి. ఆయన కొలది సంవత్సరములకే మన దేశములో మరణించెను. వారు పంపుట మానలేదు. షార్లెట్ స్వెన్సన్ దొరసాని వచ్చిరి. రాజమండ్రిలో స్త్రీల వేదపాఠశాలకు ఆమె పేరే పెట్టబడెను. బెట్టీ నిల్సన్ అను వైద్యురాలు రాజమండ్రి ఆసుపత్రిలో సేవ చేసిరి. 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘము ఏర్పడునాటికి ఆ వలసజనుల కానుకలును మన నేలలో వేరు పారియుండెను.

ఒకసారి తలంచుడి. కలరా మన దేశమునుండి బయలుదేరి వారి యొద్దకు పోయెను. వైద్యురాలు వారి యొద్దనుండి బయలుదేరి మన దేశమునకు వచ్చెను. మృత్యువు పోయిన దారినే దేవుడు కనికరమును తిరిగి పంపెను. శిఖరపు కలపను పరదేశి మృతులకిచ్చిన జనులు, దూరపు రోగులకు తమ కుమార్తెలను పంపుట వింత కాదు. ఈవి చిన్నపనిలో నేర్చుకొనబడును.

కాలము మారెను. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఆ సంఘములలో స్వీడను భాష పోయి ఇంగ్లీషు వచ్చెను. ముసలివారు ఏడ్చిరి, పిల్లలు నిలిచిరి. 1962లో ఆగస్టానా సినడు వేరు సంఘములతో ఐక్యమయ్యెను గనుక ఆ పేరుగల మహాసంఘము ఇప్పుడు లేదు. పల్లెలనుండి యౌవనస్థులు పట్టణములకు పోయిరి. పేరు పోయెను, భాష పోయెను. జెన్నీ లిండ్ ఆలయమును దాని సమాధుల తోటయు మాత్రము నిలిచియున్నవి. 1975లో ఆ దేశపు చరిత్రాత్మక స్థలముల పట్టికలో అది చేర్చబడెను.

7. మనము ఏమి చేయవలెను?

మొదటిది. మీ సమాధుల తోటను చూచి రండి. ఊరి చివర, చెరువు గట్టు క్రింద, ముండ్ల కంపలు పెరిగిన చోటు అది. సమాధుల పండుగనాడు ఒక సున్నపు పూత, ఒక పూలదండ, నాలుగు కొవ్వొత్తులతో మన పని తీరినదని తలంచుచున్నాము. మిగిలిన దినములలో గట్టు ఎవరు జరిపిరో, దారి ఎవరు దున్నిరో చూచువాడు లేడు. అబ్రాహాము ఊరక పుచ్చుకొనక సాక్షులయెదుట క్రయము చేసినది ఇందుకే. మీ తోట కొలతలు, కాగితములు సంఘపెద్దల యొద్ద భద్రముగా ఉన్నవా? లేనియెడల ఈ సంవత్సరమే సరిచేసికొనుడి. వ్యాజ్యము వచ్చిన తరువాత మేలుకొనుట మేలుకొనుట కాదు.

రెండవది. మరణించినవారి పేర్లు వ్రాయుడి. ఒక మంచి పుస్తకము కొనుడి. పేరు, తండ్రి పేరు లేక భర్త పేరు, పుట్టిన యేడు, మరణించిన తేదీ, తోటలో ఏ వరుస, ఎన్నవ సమాధి, ఇవి వ్రాయుడి. చదువుకొనిన యౌవనస్థుడు ఒకడు ముసలివారి యొద్ద కూర్చుండి రెండు ఆదివారములు అడిగినయెడల, ఏబది యేండ్ల పేర్లు దొరకును. ఆ ముసలివారు పోయిన తరువాత ఎన్ని ఆదివారములు గడచినను దొరకవు.

మూడవది. బీదవాని సమాధికి సంఘము బాధ్యత వహింపవలెను. ఇంట శవమున్న రాత్రి పెట్టెకు, గొయ్యి త్రవ్వువారికి, వచ్చిన బంధువుల అన్నమునకు అప్పు చేసి, ఆ వడ్డీ కట్టలేక దుక్కిటెద్దును అమ్మిన కుటుంబములు మనలో లేవా? సంఘపు పెట్టెలో డబ్బు ఆలయ శిఖరము కొరకు, గంటకొరకు, మైకు కొరకు కూర్చబడియుండును. దానిలో ఒక భాగమును పెద్దలందరి సమ్మతితో, లెక్కలు వ్రాసి, మరణ సహాయనిధిగా ఉంచుడి. అది లేనివాడు తన సంఘస్థుడా, పొరుగూరినుండి కూలికి వచ్చి మరణించినవాడా అని అడుగకుడి. ఆండోవరులో ఆ గోతులలో దింపబడిన వారు అనేకులు సంఘపుస్తకములో చేరుటకు కూడ కాలము లేనివారు.

నాలుగవది. హద్దు మీరకుడి. చనిపోయినవారికి మ్రొక్కుట మన మార్గము కాదు. ఉన్నవారికి అన్నము పెట్టని కుమారుడు పోయినవారికి పాలరాతి సమాధి కట్టుట ఘనత కాదు. అబ్రాహాము శారాకొరకు ఏడ్చెను, సమాధి కొనెను, పాతిపెట్టెను. తరువాతి అధ్యాయములోనే ఇస్సాకు వివాహమునకు పని మొదలుపెట్టెను. సమాధి యొద్ద కూలబడి ఉండిపోవువాడు విశ్వాసి కాడు. సమాధియొద్దనుండి లేచి బ్రదుకువారి పనికి పోవువాడే విశ్వాసి.

8. తెరవబడిన సమాధి

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములో ఆ పితరులనుగూర్చి చెప్పబడిన మాట ఆలోచించుడి. వారు తాము ఈ భూమిమీద పరదేశులమని ఒప్పుకొనిరి. విడిచివచ్చిన దేశము జ్ఞాపకము వచ్చినయెడల తిరిగిపోవుటకు దారి యుండెను. అయినను దానికంటె మేలైన దేశమును కోరిరి. ఆ దేశమునకు వారిని పిలిచిన దేవుడు వారి దేవుడనని చెప్పించుకొనుటకు సిగ్గుపడలేదు.

ఆండోవరులో పాతిపెట్టబడినవారు మంచి నేలకొరకు సముద్రము దాటిరి. కొందరికి దొరకిన నేల ఆరడుగులే. ఇది ఓటమియని లోకము చెప్పును. క్రీస్తు లేవనియెడల లోకము చెప్పినది నిజమే. మక్పేలా వట్టి గుహయే. కాని అరిమతయియ యోసేపు సమాధిని ఇచ్చిన మూడవ దినమున అది ఖాళీ అయ్యెను. అప్పు ఇచ్చినవానికి మరల దక్కినట్లు, యోసేపు సమాధి యోసేపునకే మరల దక్కెను. నాటినుండి విశ్వాసి సమాధి శాశ్వత నివాసము కాదు, విత్తనము వేసిన మడి. రైతులమైన మనకు ఇది వివరింపనక్కరలేదు. విత్తు కుళ్లినదని ఎవడు ఏడ్వడు. మొలకకొరకు గట్టుమీద నిలిచి కనిపెట్టును.

ఆ దినమున బూర మ్రోగునప్పుడు, గుర్తు రాయి లేని గోతులు ముందుగా తెరవబడునా, పాలరాతి సమాధులు ముందుగా తెరవబడునా అని ఎవరును అడుగరు. పేరు పెట్టి పిలుచువాడు పిలుచును. ఆండోవరు మైదానమునుండియు గోదావరి గట్టునుండియు ఒక్కసారే లేచెదరు.

ప్రార్థన

పరదేశులకు ఆశ్రయమైన దేవా, సమాధియైనను ఇతరుల యొద్ద ఎరవు పుచ్చుకొనిన మా ప్రభువా, మా ముందు నిద్రించిన మా తల్లిదండ్రులకొరకు నీకు స్తోత్రము. మేము మరచిన పేర్లను నీవు మరువలేదు గనుక నీకు స్తోత్రము. మా యొద్ద దాచుకొనిన కలప నీవు అడిగిన దినమున ఇచ్చు మనస్సు మాకు దయచేయుము. మా పల్లెలలో ఏ బీదవాడును దిక్కులేనివాడుగా మట్టిలో కలియకుండ మా చేతులను వాడుకొనుము. మరణమును జయించి లేచిన యేసునామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.